ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చిన 100 శాతం రేటింగును తగ్గిస్తామని ఉత్తరం వస్తే ఏం చేయాలి?

మీ మామగారు వియత్నాం యుద్ధంలో పనిచేశారనీ, వీఏ అని మనం పిలిచే అమెరికా మాజీ సైనికుల శాఖ ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చిన 100 శాతం వైకల్య రేటింగును (నెలనెలా వచ్చే పరిహారం ఎంతో తేల్చే అంకెను) ఆపరేషన్ తర్వాత 20 శాతానికి తగ్గించే ప్రతిపాదన పంపిందనీ, అప్పీలు చేస్తే ప్రయోజనం ఉంటుందా అనీ అడిగారు. ఉంటుంది. ఇలాంటి ఉత్తరమే 2021లో మా మామగారికి, అంటే నా భార్య తండ్రికి, వచ్చింది. ఆయన 1968లో వియత్నాం వెళ్లిన పదాతి సైనికుడు. మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఈ జబ్బుకూ వియత్నాంకూ సంబంధం ఉందని నిరూపించడానికి శ్రమ పడకండి. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 వరకు ఉన్న కాలంలో ఆ దేశంలో పనిచేసినవారు అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్ వంటి రసాయనాల బారిన పడినట్లే చట్టం పరిగణిస్తుంది. ఆ రసాయనాల వల్ల వచ్చినట్లు భావించే జబ్బుల జాబితాలో ప్రోస్టేట్ క్యాన్సర్ 1996 నుంచీ ఉంది. మీ మామగారికి ఒకసారి 100 శాతం ఇచ్చారంటే ఆ సంగతి తేలిపోయినట్లే. ఇప్పుడు తేలవలసింది జబ్బు మిగిల్చిపోయిన బాధ ఎంత అన్నది మాత్రమే.

100 శాతం రేటింగు క్యాన్సర్ ఉన్నంత కాలం, చికిత్స సాగినంత కాలం ఉంటుంది. ఆపరేషన్, రేడియేషన్ లేదా మందులతో చేసే చికిత్స ముగిసిన ఆరు నెలలకు తప్పనిసరిగా మళ్లీ పరీక్ష చేయిస్తారు. క్యాన్సర్ తిరగబెట్టకపోతే అప్పటినుంచి మూత్ర సమస్యలను, లేదా మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే ఆ సమస్యను, ఏది ప్రధానమైతే దానిని కొలిచి రేటింగు ఇస్తారు. అందువల్ల చికిత్స నిజంగా ఎప్పుడు ముగిసిందో మొదట చూసుకోండి. హార్మోన్ ఇంజెక్షన్లు ఇంకా సాగుతుంటే చికిత్స ముగియలేదని వాదించవచ్చు. రక్తపరీక్షలో చూసే పీఎస్ఏ అనే సూచిక మళ్లీ పెరిగి, క్యాన్సర్ తిరగబెట్టిందని డాక్టరు నిర్ధారిస్తే ఆ కాగితం వెంటనే పంపాలి.

మా మామగారి విషయంలో చికిత్స ముగిసిన మాట నిజమే, చిక్కు పరీక్ష దగ్గర వచ్చింది. పరీక్షించిన డాక్టరు మూత్రం కారుతోందా అని అడిగితే, ఆయన "కొద్దిగా, నేను చూసుకుంటున్నాను" అని చెప్పి లేచి వచ్చారు. డాక్టరు రోజుకు ఒక ప్యాడ్ అని రాసుకున్నారు. నిజానికి ఆయన పగలు నాలుగు మార్చేవారు, రాత్రి మరో రెండు. పక్క గదిలో కూర్చున్న మా అత్తగారికి ఆ లెక్క తెలుసు, ఎందుకంటే ప్యాడ్లు కొనేదీ, దుప్పట్లు ఉతికేదీ ఆవిడే, కానీ ఆవిడను ఎవరూ అడగలేదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటివి దాచుకోవడం చూస్తూ పెరిగిన నాకు, అక్కడా అదే బిడియం కనిపించినప్పుడు ఆయన మీద కోపం రాలేదు, చాలా బాధ కలిగింది.

ఆ ఒక్క అంకె ఎంత పని చేసిందో చూడండి. నిబంధనల ప్రకారం ప్యాడ్‌ను రోజుకు రెండుసార్ల కంటే తక్కువ మార్చవలసి వస్తే 20 శాతం, రెండు నుంచి నాలుగుసార్లయితే 40, నాలుగు దాటితే 60. మూత్రం కారకుండా తరచుగా వెళ్లవలసి వచ్చే వారికి వేరే కొలత ఉంది: రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తే 20 శాతం, ఐదు లేదా అంతకు మించితే 40.

మేము చేసిన పొరపాటు, ప్రతిపాదన ఉత్తరాన్నే తుది నిర్ణయం అనుకుని గడువు పోగొట్టుకోవడం. రేటింగు తగ్గిపోయిన తర్వాత సప్లిమెంటల్ క్లెయిమ్, అంటే నిర్ణయాన్ని మళ్లీ చూడమని కోరే దరఖాస్తు, వేశాము. దానికి కొత్త ఆధారం కావాలి. మా అత్తగారు మూడు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో, ప్యాడ్ మార్చిన ప్రతిసారీ తేదీ, సమయం రాసి, దాన్నిబట్టి సాక్షి వాంగ్మూలం ఫారం 21-10210 నింపారు. మామగారి యూరాలజిస్టు, అంటే మూత్ర వ్యాధుల డాక్టరు, ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం వీఏ తయారుచేసిన ప్రశ్నావళిని నింపి, రోజుకు నాలుగు కంటే ఎక్కువ అని స్పష్టంగా రాసి సంతకం చేశారు. కొన్ని నెలల తర్వాత 60 శాతం ఇచ్చారు, నిర్ణయం వచ్చిన ఏడాది లోపే వేసినందువల్ల తగ్గించిన తేదీ నుంచే లెక్కగట్టారు. ఆపరేషన్ వల్ల అంగస్తంభన పోయినందుకు ఎస్ఎంసీ-కే అనే చిన్న నెలసరి మొత్తం కూడా కలిసింది. దాని గురించి మాట్లాడటం ఇంకా కష్టం, అయినా డాక్టరుతో చెప్పించండి.

సీనియర్ సమీక్షకుడితో మళ్లీ చూపించే దారి కూడా ఉంది, కానీ అక్కడ కొత్త ఆధారం తీసుకోరు కనుక, ఫైలులోనే తప్పు అంకె ఉన్న మనలాంటి వారికి అది పనికిరాదని నా అభిప్రాయం. వీఏ అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం చివరి మెట్టుగా ఉంచుకోండి. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాల గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగా సాయం చేస్తారు, డబ్బు అడిగేవారి దగ్గరకు ముందే వెళ్లకండి.

మీకు వచ్చింది ఇంకా ప్రతిపాదనే కనుక మీరు మాకంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. ఆధారాలు పంపడానికి 60 రోజులు, విచారణ కోరడానికి 30 రోజులు గడువు ఉంటుంది. ఉత్తరం చేతికి అందిన రోజు నుంచి కాకుండా, దానిమీద ఉన్న తేదీ నుంచి లెక్కపెట్టుకోండి. గడువులోగా విచారణ కోరితే తుది నిర్ణయం వచ్చేదాకా పాత మొత్తమే చెల్లిస్తారు, కాబట్టి ముందు ఆ అభ్యర్థన రాతపూర్వకంగా పంపించి, ఈ రాత్రి నుంచే మీ అత్తగారి చేత లెక్క రాయించడం మొదలుపెట్టండి.