మొక్కజొన్న సుడిలో రంపపు పొట్టు ఉంటే

మీ మొక్కజొన్న ఇరవై రోజుల పైరు, ఆకుల మీద వరసగా చిల్లులు, సుడిలో (మొక్క నడిమి లేత ఆకుల చుట్టలో) తడి రంపపు పొట్టు లాంటిది, మందు కొట్టినా తగ్గట్లేదు, సాళ్ల మధ్య తుంగ కలుపు కూడా ఉంది, ఏం చేయాలని అడిగారు. గుర్తులన్నీ కత్తెర పురుగువే. అనుమానముంటే ఒక సుడి విప్పి పురుగును అరచేతిలో వేసుకుని చూడండి. తల మీద తలకిందులైన వై ఆకారం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే అదే.

మన దేశంలో ఇది మొదట 2018 మేలో కర్ణాటకలో బయటపడింది. ఆ వానాకాలమే మా కరీంనగర్ వైపు కూడా దిగింది. అప్పటికి మాకు దాని పేరే తెలియదు. షాపులో ఏది ఇస్తే అది తెచ్చి, పొద్దున పదింటికి చేను మీద పైపైన కొట్టాం. మూడు సార్లు కొట్టినా పురుగు కదల్లేదు. మందును తిట్టుకున్నాం కానీ తప్పు మాదే. పగలంతా అది సుడిలో దూరి ఉంటుంది, పైన రంపపు పొట్టులా కనిపించే దాని పెంటే మూతలా అడ్డం పడుతుంది. ఇక మందు తగిలేదెక్కడ?

ఇప్పుడు సాయంత్రం ఎండ తగ్గాక, నాజిల్‌ను సుడిలోకి వంచి కొడుతున్నాం. ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం మందు లీటరు నీటికి 0.4 గ్రాములు. మళ్లీ కొట్టాల్సి వస్తే దాని బదులు క్లోరాంట్రానిలిప్రోల్ మందు లీటరుకు 0.4 మి.లీ. వాడతాం. పురుగు బాగా ముదిరితే స్ప్రేలతో పని జరగదు, విషపు ఎర వేయాలి. ఎకరానికి 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం రెండు మూడు లీటర్ల నీళ్లతో కలిపి ఒక రోజు ఊరబెట్టాలి. వేసే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి, చేతికి గ్లౌజులు తొడుక్కుని సుడుల్లో వేయాలి. ఆ చేను దరిదాపులకు గొడ్లను రానివ్వకండి.

ఒకసారి మా అబ్బాయి మూడు పెద్ద పురుగుల్ని అగ్గిపెట్టెలో వేశాడు. తెల్లారేసరికి ఒక్కటే మిగిలింది! ముదిరిన పురుగు సుడికొకటే కనిపించడానికి కారణం ఇదే, ఒకదాన్నొకటి తినేస్తాయి.

మందు కొట్టే ముందు చేనంతా ఓసారి తిరగండి. ముసురు పట్టిన రోజుల్లో కొన్ని పురుగులు ఆకుకు అంటుకుని, సున్నం చల్లినట్టు తెల్లగా బిగుసుకుపోయి ఉంటాయి, తర్వాత లేత ఆకుపచ్చ పొడి కడతాయి. అది పురుగును చంపే మెటారైజియం రిలై అనే బూజు. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే నేనైతే నాలుగు రోజులు ఆగుతాను. ఆకుల రసం పీల్చే పేనుబంక ఉన్నచోట దాన్ని తినే అక్షింతల పురుగులు తిరుగుతుంటే దానికీ మందు అక్కర్లేదు.

తుంగ సంగతి: విత్తగానే అట్రజిన్ కలుపు మందు కొట్టామన్న ధీమా పెట్టుకోకండి, తుంగ దానికి లొంగదు. హాలోసల్ఫ్యురాన్ మిథైల్ అనే కలుపు మందు ఎకరానికి 36 గ్రాములు పనిచేస్తుంది, కానీ కంది అంతర పంటగా ఉంటే దాని జోలికి పోవద్దు. పురుగు మందుతో కలిపి ఒకే ట్యాంకులో పోయకండి. కంది ఉందో లేదో చెప్పండి, అంతవరకూ గుంటక తోలుకోండి.