పాప పేరెత్తితే అందరూ లేచిపోతున్నారు

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. మా పెద్దపాప ఒకటో తరగతిలో ఉండగా మెల్లకన్ను పడింది, నడుస్తూ తూలేది. మొదట చూసిన డాక్టర్ కళ్లద్దాలు రాశాడు. నెల తిరిగేసరికి మూతి ఓ పక్కకు పోతే హైదరాబాద్ తీసుకెళ్లాం. స్కాన్ చూసి మెదడు కాండంలో గడ్డ, డీఐపీజీ అన్నారు, ఆపరేషన్ కుదరదన్నారు. రేడియేషన్ అయ్యాక మళ్లీ పరుగెత్తింది, తగ్గిపోయిందనే అనుకున్నాం. పాప పోయి ఏడాది దాటింది. ఇప్పుడు దాని పేరెత్తితే మా ఆయన లేచి పొలం దిక్కు పోతాడు. చివర్లో స్టెరాయిడ్ గోలీలకు ముఖమంతా ఉబ్బింది, రాత్రి రెండింటికి లేపి సర్వపిండి చెయ్యమనేది, అప్పటి ఫొటో ఒకటి గోడకు పెడితే అత్తమ్మ తీసి బీరువాలో పెట్టేసింది. నాలుగేళ్ల బాబు ‘అక్క ఎప్పుడొస్తది’ అని రోజూ అడుగుతాడు, ఊరికి పోయిందని చెప్తున్నాం. ఇక్కడి ఫ్లోరైడ్ నీళ్లే పిల్లను మింగినయని అత్తమ్మ అంటుంది, నాకేమో ఆ కళ్లద్దాల నెల గుర్తొస్తే నిద్ర పట్టదు. బతుకమ్మ వస్తోంది, చెయ్యాలా వద్దా? మరిచిపొమ్మంటారు అందరూ, నాకు మరిచిపోవాలని లేదు.
– ఒక తల్లి

జవాబు: మరిచిపోకండమ్మా. ఎవరు చెప్పినా సరే.

ముందు ఆ నెల సంగతి చూద్దాం, మిమ్మల్ని లోపల తినేస్తున్నది అదే కాబట్టి. ఊపిరి, మింగడం, కళ్లు తిప్పడం, ఇవన్నీ నడిపించే చోట పుట్టే గడ్డ ఇది. ఓ ముద్దలా విడిగా ఉండదు, నరాల పోగుల మధ్యకు పాకిపోయి ఉంటుంది, అందుకే ఎంత ముందు పట్టుకున్నా కత్తి పెట్టి తీసేయడం కుదరదు. రేడియేషన్‌తో కొన్ని నెలలు తేలిక పడుతుంది, మీరు చూసిన ఆ పరుగు అదే. పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది రెండేళ్లు దాటరు, ఎక్కడ వైద్యం చేయించినా ఇంతే. ఆ డాక్టర్ మీద మీ కోపం నాకు అర్థమవుతుంది, కానీ అద్దాలు రాయకుండా ఆరోజే స్కానింగ్‌కు పంపినా పాప దక్కేది కాదు. ఇక నీళ్లంటారా, ఫ్లోరైడ్ మీ ప్రాంతంలో పళ్లనూ ఎముకలనూ ఎంత పాడు చేసిందో అందరికీ తెలుసు, దాని పాపం దానికుంది. ఈ గడ్డకు మాత్రం కారణం పాప మెదడులోని కణాల్లోనే వచ్చిన మార్పు. మీరు వండి పెట్టిన దాని వల్లో తాగించిన దాని వల్లో వచ్చింది కాదు. దాదాపు ఎప్పుడూ వంశంలోంచి వచ్చేదీ కాదు, బాబుకూ వస్తుందేమోనన్న టెన్షన్ వద్దు.

బాబుకు నిజం చెప్పండి. ‘అక్కకు తలలో పెద్ద జబ్బు చేసింది, చచ్చిపోయింది, ఇక రాదు’ అని ఆ మాటతోనే. ఊరికి పోయిందంటే, రేపు మీరు నల్లగొండకు బస్సెక్కినా వాడు భయపడతాడు. నిద్రపోయిందని చెప్తే పడుకోవడానికే జంకుతాడు. చెప్పిన మర్నాడే మళ్లీ ‘ఎప్పుడొస్తది’ అంటాడు, ఆ వయసుకు చావంటే తిరిగిరాకపోవడమని ఒక్కసారికి అర్థం కాదు, విసుక్కోకుండా మళ్లీ చెప్పండి. తను కొట్టినందుకే అక్క పోయిందని పిల్లలు లోపల అనుకోవడమూ ఉంది, వాడు అడక్కపోయినా కాదని చెప్పండి. మామూలు తలనొప్పి, జ్వరం వేరే అని కూడా.

మీ ఆయనకు బాధ లేదనుకోకండి. చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కారెన్ కూడా మెదడు కాండంలో గడ్డతోనే 1962 జనవరిలో పోయింది, రెండేళ్లు దాటిన పిల్ల. ఆయన వెంటనే పనిలో పడిపోయాడు, పక్కన పనిచేసేవాళ్లతో కూడా ఆ మాట ఎత్తేవాడు కాదట. కొందరు మగవాళ్లంతే (వాళ్లకు ఏడవడం ఎవరూ నేర్పలేదు మరి). ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మీ ఆయన లేచిపోతాడు. పొలంలో పక్కపక్కన పని చేసుకుంటూ, ‘ఇక్కడే కదా అది చెప్పులు పోగొట్టుకుంది’ లాంటి చిన్న మాట వదలండి. జవాబు రాకపోయినా ఫరవాలేదు.

ఫొటో విషయంలో నేను మీ వైపే, కాకపోతే అత్తమ్మకు ఆ ఉబ్బిన ముఖం చూసే ధైర్యం లేదేమో. జబ్బుకు ముందుది హాల్లో పెట్టండి, రెండోది మీ గదిలో ఉంచుకోండి, సర్వపిండి అడిగిన పిల్లా మీ పిల్లే. బతుకమ్మ చెయ్యండి. గునుగు పూలకు రంగులద్దే పని బాబుకివ్వండి, చేతులు పాడు చేసుకుంటే చేసుకోనీ. ఎంగిలిపూల బతుకమ్మ నాడే పెత్రమాస, పెద్దలకు బియ్యమిచ్చే రోజు. చిన్నపిల్లలకు ఇవ్వరని అత్తమ్మ అంటే వాదనకు దిగకండి, ఆరోజు పాప పేరు చెప్పి బడి పిల్లలకు అన్నం పెట్టండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

తిండి సయించక, నిద్ర లేక, బతకాలనిపించని రోజులు వస్తుంటే మాత్రం వాయిదా వెయ్యకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఆయన ఫోన్‌లోనూ ఆ నంబరు సేవ్ చేసి పెట్టండి.