టెక్ సందేహాలు: మోడెమా, రూటరా, ఓఎన్‌టీయా?

అన్నా, మాది ఫైబర్ కనెక్షన్. మేడ మీద గదిలో నెట్ రాదు. కనెక్షన్ ఇచ్చినాయన రూటర్ మార్చమంటాడు. షాపులో మోడెమ్ పోయిందంటారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఓఎన్‌టీ ఆపి ఆన్ చేయమంటారు. ఇంట్లో ఉండేది చూస్తే ఒకటే డబ్బా! – బుధవారపేట, కర్నూలు

ముగ్గురూ ఆ ఒక్క డబ్బా గురించే మాట్లాడుతున్నారు. కాకపోతే దాని లోపల పనులు వేరువేరు, మీ సమస్య అందులో ఒక్క పనికి సంబంధించింది.

డయలప్ రోజుల్లో కంప్యూటర్ అంకెలను ఫోన్ తీగ మోయగలిగే శబ్దంగా మార్చేది మోడెమ్. అవతలి చివర ఆ శబ్దం మళ్లీ అంకెలయ్యేది. ఫోన్ లైన్‌ను మాటల కోసమే కట్టారు కాబట్టి సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే దారి. అందుకే డయలప్ వేగం 56 కేబీపీఎస్ దగ్గర ఆగిపోయింది. తర్వాత వచ్చిన డీఎస్ఎల్ అదే రాగి తీగలో మాటకు పైనున్న ఫ్రీక్వెన్సీలను వాడుకుంది. మాటను, డేటాను విడదీయడానికి గోడ దగ్గర స్ప్లిటర్ అని చిన్న డబ్బా పెట్టేవాళ్లు, గుర్తుండే ఉంటుంది.

మీ ఇంటికి వచ్చేది రాగి కాదు, గాజు తీగ. అందులో వచ్చే కాంతిని కరెంటు సిగ్నల్‌గా మార్చేది ఓఎన్‌టీ. ఆ ఒక్క కనెక్షన్‌ను ఇంట్లో ఫోన్లకు, టీవీకి పంచేది రూటర్. గాలిలోకి పంపేది వైఫై యాక్సెస్ పాయింట్. ఇప్పుడు మూడింటినీ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తున్నారు.

డబ్బా ముందు లైట్లు చూడండి. పీఓఎన్ అన్నది ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతూ, ఎల్ఓఎస్ ఆరిపోయి ఉంటే కాంతి సరిగ్గానే వస్తోంది. కింద గదిలో నెట్ బాగుంటే డబ్బా పోలేదు, మార్చక్కర్లేదు. స్లాబ్ దాటి వైఫై వెళ్లడం లేదు, అంతే. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ రకానికి గోడలంటే మరీ కష్టం, 2.4 రకం కొంత నయం. మేడ మీదికి ఒక ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ మామూలు రూటర్ ఒకటి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోండి. గోడకు గుచ్చే రిపీటర్ కంటే ఈ పద్ధతికే నా ఓటు.

ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగితే మాత్రం ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు. తీగ ఎక్కడో తెగింది, లేదా బీరువా వెనక మడతపడింది. ఊడిన ఫైబర్ కొనలోకి తొంగి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు.

200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా. ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి టెస్ట్ చేస్తే 94 దాటదు. డౌన్‌లోడ్ పెడితే 11 అని చూపిస్తుంది. మోసం చేస్తున్నారా సార్? – కోర్టు రోడ్డు, అనంతపురం

11 సంగతి ముందు తేల్చేద్దాం. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 94 అంటే సుమారు 11.7. రెండూ ఒకటే వేగం.

అసలు ఆధారం ఆ 94. అది 100 ఎంబీపీఎస్ లింక్‌లో ఖర్చులు పోగా మిగిలే అంకె. ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఆ అదనపు రెండు జతల్లో ఒక్క తీగ పిన్‌లో సరిగ్గా బిగుసుకోకపోయినా లింక్ చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది, నెట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. క్యాట్5ఈ అని రాసున్న మంచి కేబుల్ ఒకటి మార్చి చూడండి. అప్పటికీ 94 అయితే ల్యాప్‌టాప్‌దో, డబ్బాదో పోర్టే 100 రకం. ఫోన్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద 200 వస్తే కంపెనీని తిట్టాల్సిన పని లేదు.

మా బట్టల షాపులో ఇంటర్‌కమ్ ఉంది. 0 నొక్కి ఊళ్లో ల్యాండ్‌లైన్‌కి చేస్తే కలుస్తుంది, సెల్ నంబరు కొడితే కలవదు. – ప్రొద్దుటూరు, కడప జిల్లా

మీరు నొక్కే 0 ఎక్స్ఛేంజికి చేరడం లేదు. దాన్ని షాపులోని ఈపీఏబీఎక్స్, అంటే ఇంటర్‌కమ్‌ను నడిపే డబ్బా, తీసుకుని బయటి లైన్ ఇస్తుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే నంబరుకు ముందు 0 తప్పనిసరి. కాబట్టి 0 నొక్కి, డయల్ టోన్ వచ్చాక మరో 0, ఆ తర్వాత పది అంకెలు.

ఫైబర్‌కి మారే ఆలోచన ఉంటే ఇంకో మాట. ఓఎన్‌టీ వెనక ఫోన్ పోర్ట్ డయల్ టోన్ ఇచ్చే రకం, దాన్ని ఎఫ్ఎక్స్ఎస్ అంటారు. దాని వైరు ఈపీఏబీఎక్స్‌లో బయటి లైన్ సాకెట్‌కే పెట్టాలి. షాపు లోపలి ఫోన్లకు వెళ్లే ఎక్స్‌టెన్షన్ సాకెట్ కూడా టోన్ ఇచ్చేదే కనుక అక్కడ పెడితే పనిచేయదు. సన్న ఫోన్ పిన్ వెడల్పాటి ల్యాన్ సాకెట్‌లో దూరుతుంది కదా అని అక్కడ గుచ్చొద్దు. రింగ్ వచ్చినప్పుడు ఫోన్ తీగలో వచ్చే వోల్టేజీకి పోర్ట్ కాలిపోవచ్చు.

పాత ల్యాండ్‌లైన్ కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ఫోన్ ఎందుకు ఆగిపోతుంది? – కడప

పాత ఫోన్‌కి 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి అదే రాగి తీగలో వచ్చేది. గాజు తీగ కరెంటును మోయదు. ఓఎన్‌టీకి మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు.