క్లచ్ కాయిల్ మార్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆసుపత్రి లాండ్రీలోని పాత యంత్రంలో మొదటి లోడు బాగానే ఉతుకుతోందని, రెండు మూడు లోడ్లయ్యేసరికి మోటారు తిరుగుతున్నా డ్రమ్ము ఆగిపోతోందని, మోటారు తిరుగుడును డ్రమ్ముకు అందించే క్లచ్‌లో అయస్కాంతంగా పనిచేసే తీగచుట్ట (కాయిల్) కాలిందనుకుని కొత్త క్లచ్ తెప్పించబోతున్నావని రాశావు. ఆ ఖర్చుకు ముందు ఒక పూట పరీక్షకు కేటాయించు. విద్యుదయస్కాంత క్లచ్‌లలో కాయిల్ కంటే దానికి కరెంటు చేర్చే దారే ఎక్కువసార్లు చెడుతుందని నా నమ్మకం.

బెల్టు జారడం లేదని ముందు నిర్ధారించుకో. మెయిన్ ఆపి, తాళం వేసి, సరఫరా లేదని మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టు. ఆ మీటరు పనిచేస్తోందో లేదో కరెంటు ఉన్న చోట ముందే సరిచూసుకోవాలి.

కాయిల్ తీగలు రెండూ విడదీసి నిరోధం కొలువు. పేరు పలకపై ఉన్న వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగిస్తే రావలసిన అంకె తెలుస్తుంది; 24 వోల్టుల, 24 వాట్ల కాయిల్‌కు అది 24 ఓములు. మీటరు ఏమీ చూపకపోతే తీగ తెగినట్లు, బాగా తక్కువ చూపితే లోపలి చుట్లు కలిసిపోయినట్లు. అయితే చల్లగా ఉన్నప్పుడు అంకె సరిగ్గా వచ్చిందని కాయిల్‌ను వదిలేయకూడదు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది కనుక మునుపటికంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన కాయిల్‌లో కరెంటు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది, పట్టు అంతకంటే ఎక్కువగా సడలుతుంది. పైగా లోపల సగం తెగిన తీగ వేడికే విడిపోవచ్చు. నీ యంత్రం వేడెక్కాకే మొరాయిస్తోంది కాబట్టి, అది ఆగిన వెంటనే మళ్లీ కొలవడం అన్నిటికంటే ముఖ్యం.

తరువాత వోల్టేజీ చూడాలి. తీగలు తిరిగి కలిపి, సరఫరా ఇచ్చి, దీనిని కాయిల్ కలిపి ఉండగానే దాని టెర్మినళ్ల దగ్గరే కొలవాలి. లోడు లేనప్పుడు మాడిపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) కాంటాక్టు గుండా కూడా మీటరుకు పూర్తి వోల్టేజీ కనిపించి మనల్ని మోసగిస్తుంది. 24 వోల్టుల ఏసీ, దానిని నాలుగు డయోడ్లతో డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ గుండా వస్తే దాదాపు 20 వోల్టుల డీసీ ఉండాలి. 10 దగ్గర ఆగిపోతే ఒక డయోడ్ తెగిందని అనుమానించు. తిరిగే కాయిల్‌కు కరెంటు అందించే బ్రష్‌లు, స్లిప్ రింగులు (అవి రాసుకునే లోహపు ఉంగరాలు) ఉన్న రకమైతే, మళ్లీ మెయిన్ ఆపాక, నూలు పీచు, సబ్బు తేమ చేరాయేమో చూడు. ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పరీక్షించేటప్పుడు తీగలు రెండూ విడదీసే ఉండాలి, లేకుంటే కంట్రోల్ బోర్డు పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ క్లచ్ జారితే అది విద్యుత్ లోపం కాదు. అరిగిన ఫలకాల మధ్య ఖాళీని ఫీలర్ గేజితో (సన్నని ఖాళీలు కొలిచే రేకులు) చూడాలి.

చల్లని ఓములు, వేడి ఓములు, లోడు మీద వోల్టులు రాసి పంపు. కొత్త క్లచ్ ఆర్డరు అంతవరకు ఆపు.