భూగోళశాస్త్రాన్ని కంఠస్థం చేయించకుండా నేర్పడం ఎలా?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. ఎనిమిది, తొమ్మిది తరగతులకు భూగోళశాస్త్రం చెప్పడం ఈ ఏడాదే మొదలుపెట్టారనీ, పిల్లలు నదుల పొడవులూ రాజధానుల పేర్లూ గడగడా అప్పజెబుతున్నారే తప్ప పటం ముందు నిలబెట్టి "ఇది ఇక్కడే ఎందుకు ఉంది" అని అడిగితే నోరు విప్పడం లేదనీ రాశారు. ఈ శాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో చదవదలచుకున్నవారు ముందుగా కంప్యూటర్‌లో పటాలు తయారుచేయడం నేర్చుకోవాలా అని కూడా అడిగారు. నేను పదకొండేళ్లు ఉన్నత పాఠశాలలోనూ, ఆ తరువాత తొమ్మిదేళ్లుగా డిగ్రీ, పీజీ తరగతులలోనూ ఇదే బోధిస్తున్నాను. మీ రెండు సందేహాలకూ నా అనుభవం ఇచ్చే జవాబు ఒకటే. విద్యార్థి ముందుగా తన అంచనా చెప్పి, తన చేత్తో కొలిచి లేదా గీసి, ఆ అంచనా ఎక్కడ తప్పిందో తానే చూసుకున్న పాఠం మాత్రమే పరీక్ష తరువాత కూడా మిగులుతుంది.

ఇది నాకు ఋతువుల పాఠం దగ్గర తెలిసివచ్చింది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల ఋతువులు ఏర్పడతాయని నేను ఏటా చెప్పేదాన్ని, పిల్లలు ఏటా అదే రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఒక సంవత్సరం పరీక్షలు ముగిసిన తరువాత, తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయిని వేసవిలో వేడి ఎందుకు ఎక్కువని మాటవరసకు అడిగాను. "అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కదా టీచర్" అంది. అలాగని ఎవరు చెప్పారని అడిగితే పాఠ్యపుస్తకం తెరిచి బొమ్మ చూపించింది. భూకక్ష్యను పక్కనుంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ అది. కక్ష్య అందులో పొడవాటి కోడిగుడ్డులా సాగి ఉంది, సూర్యుడు మధ్యలో ఉన్నాడు, భూమి ఒకచోట దగ్గరగా, మరోచోట ఎంతో దూరంగా కనిపిస్తోంది. ఆ అమ్మాయి బొమ్మను శ్రద్ధగానే చదివింది. పక్కచూపు వల్ల వచ్చిన ఆ సాగుడు కక్ష్య అసలు ఆకారం కాదన్న సంగతి నేనే ఎన్నడూ చెప్పలేదు.

అప్పటినుంచి ఆ పాఠాన్ని వెనకనుంచి మొదలుపెడుతున్నాను. ముందుగా ప్రతి ఒక్కరూ కారణమేమిటో కాగితం మీద రాయాలి. ఆ తరువాత రెండు అంకెలు నల్లబల్ల మీద రాస్తాను: జనవరి మొదటి వారంలో సూర్యుడికీ భూమికీ మధ్య దూరం సుమారు 14.7 కోట్ల కి.మీ., జూలై మొదటి వారంలో సుమారు 15.2 కోట్ల కి.మీ. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రోజుల్లోనే ఉత్తరార్ధగోళం చలికాలంలో ఉంటుందన్నమాట. పిల్లలు ఇక్కడ కాసేపు ఇబ్బంది పడతారు, ఆ ఇబ్బందిని తొందరపడి తీర్చకండి. తరువాత భూకక్ష్యను 10 సెం.మీ. వ్యాసార్థంతో గీయమంటాను. ఆ కొలతలో నిజమైన కక్ష్యకూ వృత్తానికీ ఉన్న తేడా పెన్సిలు గీత మందంలోనే కలిసిపోతుంది, సూర్యుడు మాత్రం కేంద్రానికి సుమారు 1.7 మి.మీ. పక్కన ఉంటాడు. ఆపైన గళ్ల కాగితం మీద టార్చి వెలుగు నిటారుగా వేసి ఎన్ని గళ్లు వెలిగాయో లెక్కపెట్టిస్తాను. కాగితాన్ని వంచి, వెలుగు 30 డిగ్రీల కోణంలో పడేలా చేస్తే అదే వెలుగు దాదాపు రెట్టింపు గళ్ల మీద పరుచుకుని పలచబడుతుంది. దీనికి పగటి పొడవును కూడా జోడించాక అక్షం వంపు ఎందుకు ముఖ్యమో నేను చెప్పవలసిన అవసరం ఉండదు.

పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖల పాఠం ఇంతకన్నా కష్టం, ఎందుకంటే ఆ రేఖలు నేల మీద ఎక్కడా కనిపించవు. పిడికిలి బిగించి మెటికల చుట్టూ పెన్నుతో వలయాలు గీసి, వేళ్లు చాచి చూడమనే పద్ధతి చాలామంది పాటిస్తారు. నేను దాన్ని మానేశాను. చేయి చాచినప్పుడు చర్మం వెంబడి ఉన్న దూరం కనిపిస్తుంది కాని, పటం చూపించే అడ్డ దూరం కనిపించదు, వాలు నిటారుగా ఉన్నచోట రేఖలు దగ్గరపడతాయన్న అసలు సంగతే అందులో చెడిపోతుంది. బదులుగా, పారదర్శకమైన తొట్టిలో బంకమట్టితో కొండ చేయించి, లోపల స్కేలు నిలబెట్టి, ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున నీళ్లు పోయిస్తూ, నీటి అంచు ఆగిన ప్రతిచోటా పుల్లతో గీత గీయిస్తాను. చివరకు తొట్టి మీద గాజుపలక పెట్టి, ఒక కన్ను మూసుకుని నిట్టనిలువుగా కిందికి చూస్తూ ఆ గీతలను పలక మీదికి ఎత్తి రాసుకోవాలి. కొండలోని లోయ దగ్గర రేఖ ఎగువవైపు మొనదేలడం, రెండు శిఖరాల మధ్య కనుమ కనపడటం అన్నీ పిల్లలే కనిపెడతారు.

ఒకసారి ఒక పిల్లవాడు రెండు సమోన్నత రేఖలు ఒకదానినొకటి దాటవచ్చా అని అడిగాడు. దాటలేవని చెప్పబోతుండగా అతనే కొండ పక్కన వేలు పెట్టి లోపలికి తొలిచి, పైన మట్టి చూరులా ముందుకు వచ్చేలా చేశాడు. నీళ్లు పోసి చూస్తే ఆ చూరు దగ్గర కింది ఎత్తు గీత పైఎత్తు గీతను దాటి లోపలికి పోయింది. అంత ఆనందంతో బడినుంచి ఇంటికి వెళ్లిన రోజులు నాకు ఎక్కువ లేవు. ఆ మరునాడు ఈ రేఖల పుట్టుక గురించి చెప్పాను. 1774లో స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర భూమి సగటు సాంద్రతను తెలుసుకోవడానికి కొలతలు తీసినప్పుడు, ఆ కొండ ఘనపరిమాణాన్ని లెక్కించవలసి వచ్చిన గణితవేత్త చార్లెస్ హటన్, చిందరవందరగా ఉన్న ఎత్తుల అంకెలలో సమానమైనవాటిని గీతలతో కలిపాడు. లెక్క తేల్చవలసిన అవసరంలోంచి వచ్చిన ఉపాయమని తెలిశాక పిల్లలకు ఆ గీతల మీద గౌరవం పెరిగింది.

పేర్లు అక్కర్లేదని నేను అనడం లేదు. పేర్లు రానివారు పటం గురించి మాట్లాడలేరు. అయితే పేరును ప్రశ్నతో కలిపి ఇవ్వాలి. వాన దాదాపు పడని ఎడారి గుండా ప్రవహించే నైలు నదికి పూర్వం వేసవిలో వరద ఎక్కడినుంచి వచ్చేదని అడిగితే, ఇథియోపియా ఎత్తైన పీఠభూమి, అక్కడి వేసవి వానలు, నీలి నైలు అన్నీ ఒకే తీగకు వస్తాయి. పటాల తయారీదారు మెర్కేటర్ 1569లో తయారుచేసిన ప్రక్షేపాన్ని, అంటే గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చే పద్ధతిని, కూడా అలాగే చెప్పండి. అందులో ఆఫ్రికాతో సమానంగా కనిపించే గ్రీన్‌లాండ్‌ను గ్లోబు మీదినుంచి పల్చని కాగితంపైకి ఎత్తి ఆఫ్రికా మీద పరిస్తే, ఆఫ్రికా దానికి 14 రెట్లు ఉందని తేలుతుంది. ఆ పటాన్ని అబద్ధమని మాత్రం చెప్పకండి. దిక్సూచి చూపే ఒకే దిశలో సాగే ఓడ దారి సరళరేఖగా రావడానికి అతను విస్తీర్ణాన్ని వదులుకున్నాడు. దేనికోసం దేన్ని వదులుకున్నారన్న ప్రశ్న ప్రతి పటానికీ వర్తిస్తుంది.

ఇక మీ రెండో సందేహం. కంప్యూటర్‌లో పటాలు తయారుచేసి విశ్లేషించే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) నేర్చుకోవలసిందే, అది లేకుండా ఈ రంగంలో ఈనాడు పని దొరకదు. కాని దానితో మొదలుపెట్టడాన్ని నేను సమర్థించను. మా పీజీ విద్యార్థిని ఒకరు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న ఒక ప్రాంతంలో ప్రతి ఆసుపత్రి చుట్టూ అయిదున్నర కి.మీ. వలయం గీయదలచి, దత్తాంశం అక్షాంశ రేఖాంశాలలో ఉన్నందున 0.05 డిగ్రీలు అని ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ వెంటనే గీసిచ్చింది, తెరమీద వలయాలు గుండ్రంగా కనిపించాయి, నేను కూడా మొదట చూసి సరేనన్నాను. మరునాడు ఒక వలయాన్ని తూర్పు పడమరలుగా స్కేలుతో కొలవమన్నప్పుడు తప్పు బయటపడింది. భూమధ్యరేఖ దగ్గర సుమారు 111 కి.మీ. ఉండే ఒక రేఖాంశ డిగ్రీ అక్కడ దాదాపు 56 కి.మీ.కి తగ్గిపోతుంది. కాబట్టి నేల మీద అవి వలయాలు కావు, ఉత్తర దక్షిణాలుగా అయిదున్నర, తూర్పు పడమరలుగా మూడుకు లోపు కిలోమీటర్లు సాగే దీర్ఘవృత్తాలు. ఆసుపత్రికి అందుబాటులో ఉన్న నేల విస్తీర్ణం సగానికి పడిపోయింది. ఆ పటాన్ని నమ్మి ఎవరైనా కొత్త ఆసుపత్రికి స్థలం నిర్ణయించి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పటం చూడగానే నమ్మే అలవాటు పోవడానికి డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఇంగ్లండ్ వైద్యుడు జాన్ స్నో పటం గురించి చెబుతాను. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా మరణాలను అతను పటం మీద గుర్తిస్తే అవి బ్రాడ్ వీధి నీటి పంపు చుట్టూ గుమిగూడి కనిపించాయని అందరూ చెబుతారు. కలరా నీటి ద్వారా వస్తుందని అతను 1849లోనే రాశాడన్న సంగతి, అంటే పటం ఆ ఆలోచనను పుట్టించలేదని, చాలామంది చెప్పరు. నా విద్యార్థులను నేను మరణాలు లేని చోట్లు వెతకమంటాను. పంపుకు దగ్గరలోనే పేదల వసతిగృహంలో 535 మంది ఉంటే చనిపోయినవారు ఐదుగురే, ఎందుకంటే అక్కడ సొంత బావి ఉంది. పక్కనే ఉన్న బీరు తయారీశాల కార్మికులు కూడా ఆ పంపు నీళ్లు తాగేవారు కారు. ఈ మినహాయింపుల కోసం స్నో ఇల్లిల్లూ తిరిగి అడగవలసి వచ్చింది. విశ్వవిద్యాలయంలో క్షేత్ర పర్యటనలకు కోత పెట్టినప్పుడల్లా నేను గట్టిగా అడ్డుపడటానికి కారణం ఇదే.

మీకు సిలబస్ పూర్తిచేయవలసిన ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. నేను అన్ని పాఠాలనూ ఇలా చెప్పలేదు. ఏడాదికి నాలుగైదు పాఠాలను ఎంచుకుని, మిగిలినవాటిని త్వరగా ముగించేదాన్ని. మీరు మట్టి కొండతో మొదలుపెట్టండి. దానికి ఒక పీరియడ్ చాలదు కాబట్టి వరుసగా రెండు పీరియడ్లు అడిగి తీసుకోండి, మట్టిని ముందురోజే కలిపి ఉంచండి, నీళ్లు పోసే పనిని తరగతిలో ఎప్పుడూ మాట్లాడని పిల్లలకు అప్పగించండి.