స్కాన్‌లో ఏమీ లేదన్నారు, 25,000 తీసుకుని ఊరుకోమంటారా?

ప్రశ్న: మా వారి వయసు 36 ఏళ్లు. విజయవాడలో ఒక టోకు దుకాణంలో లెక్కలు రాస్తారు, నెలకు 30,000 రూపాయల జీతం. ఐదు వారాల క్రితం వెనుక నుంచి కారు ఢీకొని స్కూటరు మీద నుంచి పడ్డారు. సీటీ స్కాన్ బాగుందని ఆసుపత్రివారు అదే రోజు ఇంటికి పంపారు. కానీ నాలుగో రోజు నుంచి తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం మొదలై, అంకెలు గుర్తుండక పనికి వెళ్లడం లేదు. పోలీసు కేసు పెట్టలేదు. కారు యజమాని 25,000 ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు, ఏ కాగితం మీదా సంతకం చేయవద్దు. పుర్రె విరిగిందా, మెదడులో రక్తం చేరిందా అన్నది సీటీ స్కాన్ చెబుతుంది గాని, వైద్యులు కంకషన్ అనే మెదడు అదురు సాధారణంగా అందులో కనిపించదు. స్పృహ తప్పకపోయినా అది రావచ్చు, లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు. మీరు రాసినవి ఆ కోవలోవే అనిపిస్తున్నా, తేల్చవలసింది న్యూరాలజిస్టు. ఈలోగా తలనొప్పి రోజురోజుకు పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, నిద్ర నుంచి లేపడం కష్టమైనా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

డబ్బు సంగతికి వస్తే, ఇప్పటికే పోయిన జీతమే కారు యజమాని ఇస్తానన్న మొత్తాన్ని దాటింది. పైగా కారుకు థర్డ్ పార్టీ బీమా ఉంటే చెల్లించేది బీమా సంస్థ కాబట్టి, యజమాని మీద జాలిపడి తగ్గవలసిన పని లేదు. అందుకు ముందుగా ఎఫ్‌ఐఆర్ కావాలి. ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడైనా ఫిర్యాదు ఇవ్వండి, ఆలస్యమొక్కటే క్లెయిమును కొట్టివేయడానికి కారణం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలు, అందులో ఐదు వారాలు గడిచిపోయాయి. మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు చేయవచ్చు.

ఇలాంటి కేసులు బలహీనపడేది కాగితాల దగ్గరే. స్కాన్ బాగుందంటే గాయాల ధ్రువపత్రంలో ‘సాధారణ గాయం’ అని రాసేస్తారు. కానీ భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం, గాయం వల్ల 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. తప్పెవరిదన్న విచారణ లేకుండా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద వచ్చే రెండున్నర లక్షలు తీవ్ర గాయానికే వర్తిస్తాయి కనుక, ఆ పదానికి ఉన్న విలువ చిన్నది కాదు. అందువల్ల న్యూరాలజిస్టు చీటీలో లక్షణాలు, అవి మొదలైన తేదీ, పనికి వెళ్లకూడదన్న సలహా స్పష్టంగా రాయించండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలను కొలిచే పరీక్షలు అవసరమా అని అడగండి. దుకాణం యజమాని నుంచి సెలవు, జీతం కోత వివరాలతో ఉత్తరం, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, మందుల బిల్లులు, ఆటో ఖర్చుల లెక్క దాచండి. ఆయన ఏ రోజు ఏమి చేయలేకపోయారో మీరే ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి.

చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. అలా అయితే పరిహారం పోయిన జీతం, వైద్య ఖర్చులు, పడిన బాధకే పరిమితమవుతుంది. లోపం శాశ్వతమైతే లెక్క మారుతుంది. వైద్యుడు చెప్పిన వైకల్య శాతాన్ని కాక, సంపాదన శక్తి ఎంత తగ్గిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లెక్కలు రాసే మనిషికి అంకెలు గుర్తుండకపోవడం చిన్న లోపం కాదు. సంపాదన పది శాతం తగ్గిందని తేలితే, ఏడాదికి 36,000 నష్టాన్ని పరిహారం లెక్కలో ఆయన వయసుకు వర్తించే గుణకం 15తో గుణిస్తే 5,40,000 అవుతుంది. అందుకే దరఖాస్తు గడువులోగా వేసి, ఆరోగ్యం ఒక కొలిక్కి వచ్చాకే రాజీకి కూర్చోండి. లోక్ అదాలత్‌లో ఒప్పుకున్న మొత్తంపై అప్పీలు ఉండదు. పరిహారంలో ఇంత శాతం ఫీజు అని న్యాయవాదితో ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం కాబట్టి, ఫీజును నిర్ణీత మొత్తంగా మాట్లాడుకోండి.

తీర్పుకు ఏళ్లు పట్టవచ్చు. వచ్చే సొమ్మును చూసుకుని ఇప్పుడు చేతి అప్పులు చేయకండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు లెక్క వేసి, తప్పనిసరి కాని చీటీలు, కొత్త వాయిదాలు ఆపండి. ఆరోగ్య బీమా ప్రీమియం మాత్రం ఆపకండి.