అత్తగారిని వదిలి కాసేపు బయటికి వెళ్తే తప్పా?

ప్రశ్న: నా వయసు 46. మాది రాజమహేంద్రవరం. మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. స్నానం, తిండి, మందులు అన్నీ నేనే చూస్తాను. అపార్ట్‌మెంట్ గేటు దాటి ఎన్నాళ్లయిందో! నిద్ర పట్టడం లేదు. చిన్న మాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు. కాసేపు నడిచి రమ్మని మావారు అంటారు. ఆమెను వదిలి వెళ్లాలంటే మనసొప్పదు. మందులేమైనా వాడాలా?

జవాబు: అమ్మా, రెండేళ్లుగా ఒక్కరే ఇంత సేవ చేస్తుంటే ఎవరికైనా ఇలాగే ఉంటుంది. మందుల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీవారి మాట వినండి.

ట్యూబ్‌లైట్ వెలుతురు మనకు చాలినట్టే ఉంటుంది. కానీ వెలుతురును లక్స్‌లలో కొలిస్తే, ఇళ్లలో అది మామూలుగా 500 లక్స్ కూడా ఉండదు. మబ్బు పట్టిన రోజైనా సరే, ఆరుబయట వేల లక్స్ ఉంటుంది. పొద్దున్నే ఆ వెలుతురు కంట్లో పడితే మెదడులోని గడియారం సరిగా నడుస్తుంది, రాత్రి మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ వేళకు విడుదలై నిద్ర వస్తుంది. నిద్ర కుదుటపడితే చిరాకు సగం తగ్గడం నేను చాలామందిలో చూశాను.

ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిపై చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారానికి కనీసం 120 నిమిషాలు పార్కుల్లోనో చెట్ల మధ్యో గడిపినవాళ్లలో, ఆరోగ్యం బాగుందని, మనసు హాయిగా ఉందని చెప్పినవాళ్లు ఎక్కువ. అందుకు కారణం అదొక్కటేనని తేలలేదు. అయినా రోజుకు 20 నిమిషాలేగా, ప్రయత్నిస్తే పోయేదేముంది?

పక్షవాతం ఉన్నవాళ్లను టిఫిన్ తినిపించాక పొలమారకుండా అరగంట కూర్చోబెట్టాలి కదా. ఆ అరగంట మీవారు పక్కన కూర్చుంటారు, మీరు గోదావరి గట్టుకు వెళ్లండి. అది దూరమైతే డాబా మీదికైనా సరే. ఫోన్ మోగేలా పెట్టి బ్యాగులో వేసుకోండి, చూస్తూ నడవకండి. మందుల షాపుకు పరుగున వెళ్లిరావడం ఈ లెక్కలోకి రాదు. నీళ్లను, పడవలను చూస్తూ ఊరికే కూర్చున్నా చాలు.

ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. దిగులు రెండు వారాలకు మించి రోజూ ఉంటే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి, 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం మానసిక సమస్యల కోసం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు. ఉచితం, రాత్రిపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సాయంత్రం ఎండ తగ్గాక అత్తగారినీ వీల్‌చైర్‌లో బాల్కనీలోకి తీసుకురండి. రెండేళ్లుగా ఆమె చూస్తున్నదీ ఆ గది గోడలనే కదా.